ఇంటి నిర్మాణానికి షెడ్యూలు వేసుకోవడం ఎలా: పునాది నుంచి రంగుల దాకా రోజుల లెక్క

ఇల్లు కట్టబోయే ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని నెలల్లో పూర్తవుతుంది? కాంట్రాక్టరు ఆరు నెలలంటాడు, పక్కింటాయన తనకు ఏడాదిన్నర పట్టిందంటాడు. ఇద్దరి మాటా మీకు పనికిరాదు. మీ ప్లాను, మీ చేతిలోని డబ్బు, మీ ఊరి వానలు, మీరు నిర్ణయం తీసుకునే వేగం కలిస్తేనే మీ ఇంటి గడువు తేలుతుంది. వీటిలో చివరిదాన్ని అందరూ మరచిపోతారు. నేను చూసినంతలో పనులు ఎక్కువగా ఆగేది కూలీలు రాకపోవడం వల్ల కాదు, ఇంటివాళ్ళు చెప్పాల్సిన మాట సమయానికి చెప్పకపోవడం వల్లే. అందుకే ఈ పద్ధతిలో పనుల తేదీలతో పాటు మీ నిర్ణయాలకూ తేదీలు వేస్తాం.

ఉదాహరణగా, పిల్లర్లు, బీములతో కట్టే ఒక్క అంతస్తు ఇల్లు తీసుకుంటున్నాను. పై అంతస్తు ఉంటే పిల్లర్ల నుంచి శ్లాబు వరకు ఉన్న భాగం మళ్ళీ వస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- అనుమతి వచ్చిన ప్లాను, ఇంజనీరు ఇచ్చిన స్ట్రక్చరల్ డ్రాయింగులు. రెండోది లేకపోతే షెడ్యూలు వేయడానికి కూర్చోకండి. పిల్లరు ఎంత, బీము ఎంత అన్నది తేలకుండా రోజులు లెక్కపెట్టలేరు.
- కాంట్రాక్టరుతో రాసుకున్న ఒప్పందం, లేదా దాని ముసాయిదా.
- తిథులు, పండుగలు ఉన్న తెలుగు గోడ క్యాలెండరు.
- పెద్ద చార్టు కాగితం, పెన్సిలు, రబ్బరు. కంప్యూటర్ అలవాటున్నవాళ్ళు స్ప్రెడ్‌షీటు వాడుకోవచ్చు. ప్రత్యేక సాఫ్ట్‌వేరు అవసరం లేదు.
- ఏ నెలలో ఎంత డబ్బు చేతికి వస్తుందో రాసిన జాబితా.
- మేస్త్రీతో, ఇంజనీరుతో కలిసి కూర్చోవడానికి ఒక పూట.

1. పనిలో ఏది ఉంది, ఏది లేదో రాయండి

ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి. మొదటిదానిలో ఈ కాంట్రాక్టరు చేసే పనులు, రెండోదానిలో మీరు విడిగా చేయించుకునేవి. ప్రహరీ గోడ, గేటు, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, కరెంటు మీటరు, వంటింటి అల్మరాలు, ఫాల్స్ సీలింగు, మేడ మీద పిట్టగోడ: గొడవలు దాదాపు వీటి దగ్గరే వస్తాయి. ప్రతి ఒక్కటీ ఏదో ఒక వరసలో ఉండాలి. రెండు వరసల్లోనూ లేని పని చివరికి మీ జేబు మీద పడుతుంది, గడువునూ తినేస్తుంది.

2. ఇంటిని పనులుగా విడగొట్టండి

‘గోడల పని’ అని రాస్తే చాలదు. ‘ఇల్లంతటికీ ఒక్కొక్క ఇటుక వరస’ అని రాస్తే అతి. ఒక పనిని ఒకే బృందం చేయాలి, అది అయిందో లేదో కంటితో చూసి చెప్పగలగాలి, రోజుల్లో కొలవగలగాలి. సెంట్రింగువాళ్ళది (కాంక్రీటు పోయడానికి అచ్చు బిగించేవాళ్ళు) ఒక పని, రాడ్డు కట్టేవాళ్ళది మరో పని, కరెంటు పైపులు వేసేవారిది ఇంకొకటి. ఈ లెక్కన ఒక్క అంతస్తు ఇంటికి 20 నుంచి 40 పనులు వస్తాయి. వంద దాటితే మీరే నాలుగో వారానికి ఆ కాగితం చూడటం మానేస్తారు.

3. ప్రతి పని పక్కన ‘దీనికి ముందు ఏది అయిపోవాలి’ అని రాయండి

ఇది మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకునే చేయాలి. ఆయనకు తెలిసిన చాలా సంగతులు ఏ డ్రాయింగులోనూ ఉండవు. ఉదాహరణకు, కింది అంతస్తు బాత్‌రూముల డ్రైనేజీ పైపులు పునాదిలో మట్టి నింపేటప్పుడే పడాలి. ఇంటివాళ్ళు దాన్ని ప్లంబింగు పనిగా భావించి చివరికి నెట్టేస్తారు. తర్వాత దిమ్మిస కొట్టిన నేలను మళ్ళీ తవ్వాల్సి వస్తుంది.

సంపు ఎప్పుడు కట్టినా నష్టం లేదనిపిస్తుంది. కానీ ముందే కడితే కాంక్రీటు తడపడానికి నీళ్ళు నిలవ చేసుకోవచ్చు. వేసవిలో పని మొదలుపెడుతుంటే సంపును మొదటి పనుల్లోనే చేర్చండి.

4. రోజులు వేయండి, ఎదురుచూసే రోజులను విడి పనిగా రాయండి

ఎన్ని రోజులు పడుతుందన్నది ఆ పని చేసేవారినే అడగండి. ‘ఎంతమందితో?’ అని కూడా అడిగి, ఆ సంఖ్యను పక్కనే రాయండి. నలుగురితో చెప్పిన లెక్క ఇద్దరు వచ్చిన రోజున చెల్లదు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కాంక్రీటు పోయడం ఒక్క రోజు పనే. తర్వాత అది గట్టిపడే రోజులు ఎవరి జాబితాలోనూ ఉండవు. మన దేశంలో కాంక్రీటు పనికి ప్రమాణమైన ఐఎస్ 456 చెప్పే కనీస లెక్కలు ఇవి:

- ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. పీపీసీ (బూడిద వంటివి కలిపిన పోర్ట్‌లాండ్ సిమెంటు) వంటి మిశ్రమ సిమెంటు అయితే కనీసం 10 రోజులు. ఎండలు మండే పొడి వాతావరణంలో ఓపీసీకి కూడా 10 రోజులకు తగ్గకూడదు, మిశ్రమ సిమెంటుకు 14 రోజుల వరకు పొడిగించడం మేలు.
- శ్లాబు కింది పోట్లు (కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే నిలువు ఆధారాలు): శ్లాబును మోసే బీముల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉంటే 7 రోజులు ఉంచాలి, అంతకు మించితే 14 రోజులు.
- బీముల కింది పోట్లు: పిల్లర్ల మధ్య దూరం 6 మీటర్ల వరకు ఉంటే 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు.

పోట్లకు చెప్పిన రోజులు ఓపీసీ సిమెంటును దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. ఇప్పుడు ఇళ్ళకు ఎక్కువగా వాడేది పీపీసీ. అది మొదటి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఎన్ని రోజులు కలపాలో మీ ఇంజనీరుతో రాయించుకోండి.

హెచ్చరిక: సెంట్రింగు సామాను అద్దెది. దాన్ని త్వరగా విప్పి ఇంకో సైటుకు పంపాలని తొందర ఉంటుంది. శ్లాబు పోసిన రోజునే, ‘ఫలానా తేదీకి ముందు పోట్లు తీయకూడదు’ అని పిల్లరు మీద సుద్దతో పెద్దగా రాయించండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. ఆ శ్లాబు కిందే మీ పిల్లలు నిద్రపోతారు.

5. అతి పొడవైన గొలుసును కనిపెట్టండి

ఒకదాని కోసం ఒకటి ఆగే పనులన్నిటినీ వరసగా కలిపితే కొన్ని గొలుసులు ఏర్పడతాయి. వాటిలో ఎక్కువ రోజులు పట్టేదే మీ ఇంటి గడువు. ఈ లెక్క 1950ల చివర్లో అమెరికాలో రసాయన కర్మాగారాల నిర్మాణం కోసం తయారైంది. దీన్ని క్రిటికల్ పాత్ అంటారు. ఇంటికి కూడా ఇదే చాలు.

మన ఉదాహరణలో ప్రధాన గొలుసు ఇలా ఉందనుకోండి. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. పద్ధతిని మాత్రమే తీసుకోండి.

- మార్కింగు, గోతులు: 5 రోజులు (1–5)
- ఫుటింగులు (పిల్లర్ల అడుగున వేసే కాంక్రీటు దిమ్మెలు), పునాది పిల్లర్లు: 10 (6–15)
- ప్లింత్ బీములు (పునాది పిల్లర్లను నేల మట్టం దగ్గర కలిపేవి): 8 (16–23)
- డ్రైనేజీ పైపులు, మట్టి నింపి దిమ్మిస కొట్టడం: 5 (24–28)
- పిల్లర్లు: 6 (29–34)
- శ్లాబు సెంట్రింగు: 7 (35–41)
- శ్లాబు స్టీలు, కరెంటు పైపులు, తనిఖీ: 5 (42–46)
- శ్లాబు కాంక్రీటు: 1 (47)
- పోట్లు ఉంచే రోజులు: 14 (48–61)
- ఇటుక గోడలు, లింటెళ్ళు (తలుపులు, కిటికీల పైన వచ్చే అడ్డ దూలాలు): 16 (62–77)
- గోడల్లో కరెంటు, నీటి పైపులు: 8 (78–85)
- ప్లాస్టరింగు: 16 (86–101)
- ప్లాస్టరింగు తడపడం: 7 (102–108)
- బాత్‌రూముల వాటర్‌ప్రూఫింగు, నీటి పరీక్ష: 5 (109–113)
- నేల, గోడల టైల్స్: 14 (114–127)
- పుట్టీ, ప్రైమరు, మొదటి కోటు: 14 (128–141)
- తలుపులు, స్విచ్‌లు, కుళాయిలు: 8 (142–149)
- చివరి కోటు: 5 (150–154)

మొత్తం 154 రోజులు. అయిదు నెలలని సంబరపడకండి. ఇందులో 133 పని రోజులు, 21 ఎదురుచూపు రోజులు. కాంక్రీటు ఆదివారం కూడా గట్టిపడుతుంది కానీ మేస్త్రీ ఆదివారం రాడు. వారానికి ఆరు రోజుల పని లెక్కన 133 పని రోజులకు క్యాలెండరులో 155 రోజులు పడతాయి. 21 కలిపితే 176. అంటే దాదాపు ఆరు నెలలు. వానలు, పండుగలు ఇంకా కలపలేదు.

ఈ గొలుసులోని ఏ పని ఒక రోజు ఆగినా గృహప్రవేశం ఒక రోజు వెనక్కి పోతుంది. గొలుసు బయట ఉన్న ప్రహరీ గోడ పది రోజులు ఆగినా కొంప మునగదు. మనుషులు తక్కువగా వచ్చిన రోజున ఎవరిని ఎటు పంపాలో ఈ కాగితమే చెబుతుంది. రంగులవాళ్ళను రెట్టింపు చేసినా శ్లాబు త్వరగా గట్టిపడదు. ప్లాస్టరింగుకూ పుట్టీకీ మధ్య ఇక్కడ దాదాపు నాలుగు వారాలు దొరికాయి. గోడలోని తడి ఆరడానికి అవి కావాలి. టైల్స్ పని త్వరగా అయిందని పచ్చి గోడకు పుట్టీ పెట్టిస్తే కొన్నాళ్ళకు పొరలుగా ఊడుతుంది.

6. మీ నిర్ణయాల జాబితా తయారుచేయండి

షెడ్యూలులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఇది. ప్రతి పనికీ వెనక్కి లెక్కపెట్టండి: పని మొదలయ్యే రోజు, అందులోంచి సామాను రావడానికి పట్టే రోజులు తీసేస్తే వచ్చేది మీరు నిర్ణయం చెప్పాల్సిన చివరి రోజు.

ద్వారబంధాలు చూడండి. గోడలు 62వ రోజున మొదలవుతాయి. వడ్రంగికి 25 రోజులు కావాలి. అంటే 37వ రోజుకల్లా కర్ర కొని, కొలతలు ఇచ్చి తీరాలి. ఆ సమయానికి సైటులో శ్లాబు సెంట్రింగు నడుస్తుంటుంది. తలుపుల గురించి ఎవరికీ ధ్యాస ఉండదు. అందుకే గోడలు లేచే వేళకు గుమ్మాలు ఉండవు.

ఇలాంటివే మరికొన్ని:

- మున్ముందు పై అంతస్తు వేస్తారా, మెట్లు ఎటువైపు: పునాది డ్రాయింగుకు ముందే.
- బాత్‌రూములో కమోడు ఎక్కడ, స్నానం నీళ్ళు ఎటు పోవాలి: 24వ రోజుకు ముందు.
- సీలింగులో ఫ్యాన్లు, దీపాలు ఎక్కడ: 42వ రోజుకు ముందు. శ్లాబులో పైపులు, ఫ్యాను బాక్సులు అప్పుడే పడిపోతాయి.
- వంటింట్లో సింకు, చిమ్నీ, ఫ్రిజ్, నీటి ఫిల్టరు ఎక్కడెక్కడ. ఏసీ నీళ్ళు పోయే పైపు, గీజరు, వాషింగ్ మెషీను పాయింట్లు: 78వ రోజుకు ముందు.
- టైల్స్: సరకు రావడానికి 15 రోజులు పడితే 99వ రోజుకల్లా ఆర్డరు. విరిగే వాటికి, భవిష్యత్తు మరమ్మతులకు కొంత అదనంగా అదే విడతలో తీసుకోండి. తర్వాత కొంటే రంగులో తేడా వస్తుంది.

వంటింటి పాయింట్లను ఆ వంటింట్లో రోజూ పనిచేసేవారే గుర్తుపెట్టాలి. గోడల మీద సుద్దముక్కతో ఆ ఒక్కపూట అమ్మనో, భార్యనో, వండేది మీరైతే మిమ్మల్నో నిలబెట్టి గీయిస్తే తర్వాత గోడలు పగలగొట్టే పని ఉండదు.

ఇక సిమెంటు సంగతి. ధర పెరుగుతుందని ముందే కొని నిలవ చేయకండి. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది, పరీక్షించకుండా వాడకూడదు. మన వానల్లో అయితే అంతకు ముందే గడ్డకడుతుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నవారు ఈ జాబితాకు ఇంకొక నిలువు వరస చేర్చండి: ‘నిర్ణయం ఎవరిది?’ ప్రతి అంశానికి ఒక్కరి పేరే ఉండాలి. నాన్న ఒకటి, అన్నయ్య ఇంకొకటి, మీరు ఫోనులో మరొకటి చెబితే మేస్త్రీ పని ఆపి కూర్చుంటాడు. తప్పు ఆయనది కాదు.

7. క్యాలెండరు మీదికి ఎక్కించండి

ఇప్పుడు 1, 2, 3 అంకెలను అసలు తేదీలుగా మార్చండి. ముందు పని జరగని రోజులను ఎర్ర రంగుతో కొట్టేయండి. సంక్రాంతి, ఉగాది, దసరా రోజులు తెలిసినవే. మీ బృందాలు ఏ ప్రాంతంవో అడగండి. శ్రీకాకుళం నుంచి వచ్చినవారు సంక్రాంతికి ఊరెళ్తే వారం పైగా రారు. బీహార్ నుంచి వచ్చినవారికి ఛఠ్, హోలీ ముఖ్యం. ఎన్నికలు వస్తే అందరూ వెళ్తారు.

వానలు మీ ఊరిని బట్టి చూడండి. ఆదిలాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు వరకు గోతులు తవ్వకపోవడం మంచిది. నెల్లూరులో అసలు భయం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. నల్లరేగడి నేల అయితే పునాది పని వానలకు ముందే నేల పైకి వచ్చేలా చూసుకోండి. వానాకాలంలో ఇటుక బట్టీలు ఆగిపోతాయి, నదులు పొంగితే ఇసుక దొరకదు. గోడల పని ఆ నెలల్లో పడితే ఇటుక ముందే దించుకోండి.

మంచి రోజుల పట్టింపు ఉన్నవారు శంకుస్థాపన ముహూర్తం ఒక్కటే చూసుకుని మొదలుపెడతారు. గృహప్రవేశం ఆషాఢంలోనో మూఢంలోనో పడుతోందేమో ఇప్పుడే పురోహితుణ్ణి అడగండి. అయితే ముహూర్తానికి ఒక తేదీ పెట్టేసి పనిని దానికి కుదించకండి. షెడ్యూలు చెప్పిన తేదీ తర్వాత వచ్చే ముహూర్తాన్ని ఎంచుకోండి.

చివరగా, ఊహించని వాటికోసం కొన్ని రోజులు చేర్చండి. ప్రతి పనికీ రెండేసి రోజులు కలిపితే అవి ఎలాగూ ఖర్చయిపోతాయి. అన్నిటినీ ఒకే ముద్దగా చివర పెట్టండి. మన ఉదాహరణకైతే నేను 20 పని రోజులు పెడతాను.

8. డబ్బును పూర్తయిన పనికి కట్టండి

‘నెలకింత’ అని ఇవ్వకండి. ప్లింత్ బీము, శ్లాబు, గోడలు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు, తాళాలు ఇచ్చే రోజు: ఇలా విడతలు పెట్టి, ఒక్కొక్కటి ఎప్పుడు పూర్తయినట్టో ఒప్పందంలో రాయండి. ‘శ్లాబు’ అంటే కాంక్రీటు పోసిన రోజా, పోట్లు తీసి ఇంజనీరు చూసిన రోజా? రెండోది అని రాసుకోండి. చివరి అయిదు నుంచి పది శాతం లోపాలు సరిచేశాకే ఇవ్వాలి.

బ్యాంకు రుణం కూడా పని జరిగినకొద్దీ విడతలుగానే వస్తుంది. ముందు మీ వాటా ఖర్చు కావాలి, బ్యాంకు మనిషి వచ్చి చూడాలి, ఆ తర్వాతే డబ్బు. ఆ మధ్య రోజులకు చేతిలో సొమ్ము లేకపోతే శ్లాబు ముందు పని నిలిచిపోతుంది. క్యాలెండరు మీద డబ్బు వచ్చే తేదీని, డబ్బు కావాల్సిన తేదీని రెండు రంగుల్లో గుర్తుపెట్టండి.

9. వారానికి ఒకసారి కూర్చోండి

కూలి లెక్కలు చూసే రోజే మేలు, అందరూ ఉంటారు. అరగంట చాలు. ఈ వారం అనుకున్నవి ఏవి అయ్యాయి, ఏవి కాలేదు, ఎందుకు కాలేదు? ఆపైన వచ్చే రెండు వారాల పనులు ఒక్కొక్కటి చదివి, ముందు పని అయిందా, మనుషులు ఖాయమా, సామాను ఉందా, మన నిర్ణయం చెప్పామా అని అడగండి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ పని జరగదు, ఇప్పుడే ఫోను చేయాలి.

‘తొంభై శాతం అయిపోయిందండీ’ అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. ‘ఇంకా ఎన్ని రోజులు?’ అని అడిగి ఆ జవాబునే రాయండి. కాగితం మీద ‘అయింది’, ‘కాలేదు’ అనే రెండే ఉండాలి.

కప్పేసే ముందు ఫోటోలు తీయండి. శ్లాబు స్టీలు, కింద కవర్ బ్లాకులు (స్టీలు అచ్చుకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు), గోడల్లో పైపులు, పక్కన టేపు పెట్టి మరీ. పదేళ్ళ తర్వాత గోడకు మేకు కొట్టేటప్పుడు కూడా ఆ ఫోటోలు అక్కరకొస్తాయి.

10. మార్పు వస్తే ముందు రాయండి, తర్వాత చేయించండి

మార్పులు రాకుండా ఏ ఇల్లూ పూర్తికాదు. ఎంత ఖర్చు, ఎన్ని రోజులు, గొలుసులో పడుతుందా లేదా అన్నవి సైటు పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. పిల్లరు, బీము, శ్లాబును తాకే మార్పు అయితే ఇంజనీరు సంతకం కూడా కావాలి. మేస్త్రీ ఎంత అనుభవజ్ఞుడైనా సరే.

షెడ్యూలు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

- మొదటి పని, చివరి పని తప్ప ప్రతి దానికీ ముందు ఒకటి, తర్వాత ఒకటి ఉన్నాయా? ఒంటరిగా తేలుతున్న పని కనిపిస్తే ఏదో మరచిపోయారు.
- కాంక్రీటు అన్న ప్రతి చోటా తర్వాత తడిపే రోజులు ఎవరి బాధ్యతో పేరు రాశారా?
- ఒకే బృందం ఒకే రోజున రెండు చోట్ల ఉందా?
- షెడ్యూలును మేస్త్రీకి చదివి వినిపించండి. ఆయన ఎక్కడైనా ‘అది అలా కుదరదండీ’ అంటే సంతోషించి సరిదిద్దండి. అన్నిటికీ తలూపితే ఆయన వినలేదన్నమాట.

పని మొదలయ్యాక, ప్రతి మలుపులోనూ ఒక పరీక్ష పెట్టుకోండి. శ్లాబు రోజున 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులు (పరీక్షకు పంపే నమూనా దిమ్మెలు) పోయించి, 28 రోజులకు ల్యాబులో బలం చూడండి. ప్లాస్టరింగుకు ముందు నీటి పైపులను ఒత్తిడి పెట్టి పరీక్షించండి, కరెంటు పైపుల్లోంచి తీగ సాఫీగా వెళ్తోందో లాగి చూడండి. టైల్స్‌కు ముందు బాత్‌రూము నేలలో రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి, గోడల అడుగున, అవతలి గదిలో తేమ వస్తోందేమో చూడండి. పరీక్ష గట్టెక్కని పనిని షెడ్యూలులో ‘కాలేదు’ అనే ఉంచండి, దాని మీద వేరే పని ఎక్కనివ్వకండి.

తాళాలు తీసుకునే ముందు గది గదికీ తిరిగి జాబితా రాయండి: మూసుకోని తలుపు, బోలుగా మోగే టైలు, కారే కుళాయి, నీళ్ళు ఎదురుగా పారే నేల. ప్రతి దాని పక్కన సరిచేసే తేదీ వేయించి, అవన్నీ కొట్టేశాక చివరి విడత చెక్కు ఇవ్వండి.